మిగిలిన మైనపు షీట్లు వచ్చే పూత దాకా ఎలా దాచాలి? (బెంగళూరు)

యలహంక_మేడ:

పెద్దలకు నమస్కారం. పుట్ట తేనెటీగల పెట్టెలు నాలుగున్నాయి, న్యూటన్ (ఈ ఈగలకు వాడే చిన్న పెట్టె) సైజు. పెట్టెలో ఈగ పిల్లలు పెరిగే పిల్లల గదికి కోసిన మైనపు షీట్లు (ఈగలు పట్టు కట్టడానికి గదుల ముద్ర వేసిన పల్చటి పలకలు) అవసరానికి మించి కొన్నాను. వాడినవి పోను ముప్పై దాకా మిగిలాయి. కానుగ పూత అయిపోయాక మళ్ళీ అక్టోబరు దాకా వీటితో పని ఉండదు. నాలుగు చోట్లు ఆలోచించాను: మేడ మీద జింకు షీటు గది, ఇంట్లో సజ్జ, బీరువా అడుగు అర, ఫ్రిజ్. ఏది మంచిది? కొన్ని షీట్ల మీద తెల్లగా పిండి చల్లినట్టుంది, అది బూజా? మైనపు పురుగు పట్టకుండా కలరా ఉండలు వేయమని ఒకరన్నారు. వేయొచ్చా?

కానుగపూత:

ముందు షీటునూ పట్టునూ వేరుగా చూడండి. మీ దగ్గరున్నది షీటు. ఈగలు గోడలు కట్టి, పిల్లల్ని పెంచి, పుప్పొడి దాచినది పట్టు. మైనపు పురుగు బతికేది ఒట్టి మైనం మీద కాదు. నల్లబడిన పట్టులో మిగిలిన పుప్పొడి, ప్యూపాలు వదిలిన పొరలు, ఆ మురికే దాని తిండి. శుభ్రమైన కొత్త షీటు మీద గుడ్లు పొదిగినా పిల్ల పురుగు సరిగ్గా ఎదగదు. కాబట్టి షీటుకు పురుగు భయం పావు వంతు, వేడి భయం ముప్పావు వంతు అనుకోండి.

మైనం కరిగేది 62-65 డిగ్రీల దగ్గర. అంత వేడి ఇంట్లో రాదు కదా అని చాలామంది ధీమాగా ఉంటారు. చెడేది కరిగి కాదు, మెత్తబడి. 32-35 డిగ్రీలకే షీటు చేతిలో తోలుముక్కలా వంగుతుంది. పెట్టెలో పిల్లల గది వేడి కూడా అంతే, 34-35. ఆ వేడిలో మైనం మెత్తగా ఉండబట్టే ఈగలు దాన్ని లాగి గోడలు కట్టగలుగుతాయి. మీ గదిలో అదే వేడి వస్తే కట్టడానికి ఈగలుండవు, పైనున్న షీట్ల బరువు మాత్రం ఉంటుంది. 40 దగ్గర నిలబెట్టిన షీటు తన బరువుకే జారి ఒంగుతుంది, దొంతరలో అడుగున ఉన్నది పైదానికి అతుక్కుంటుంది, గదుల ముద్ర చదునైపోతుంది. ముద్ర పోయిన షీటు ఎందుకూ పనికిరాదు, దాని మీద ఈగలు ఇష్టం వచ్చినట్టు కట్టి పోతుటీగల గదులు పెంచుతాయి.

ఈ లెక్కన జింకు షీటు గదిని మరిచిపోండి. 2016 ఏప్రిల్‌లో బెంగళూరులో 39.2 డిగ్రీలు నమోదైంది, అదీ నీడలో కొలిచినది. మధ్యాహ్నం రేకు కింద దానికన్నా బాగా ఎక్కువ ఉంటుంది.

సజ్జ కూడా నేను ఒప్పుకోను. పై అంతస్తు ఇంట్లో స్లాబు పగలంతా వేడి తాగి రాత్రి పది, పదకొండు దాకా కిందికి వదులుతూనే ఉంటుంది. సజ్జ దానికి రెండడుగుల దిగువన ఉంటుంది. అదే గదిలో నేల దగ్గరికీ పైకప్పు దగ్గరికీ తేడా చేత్తోనే తెలుస్తుంది. పెట్టాలంటే కింది అంతస్తు, ఉత్తరం గోడ వైపు, మంచం కింద లేదా అల్మరా అడుగు అర. ఎండ పడే కిటికీకి, వంటగదికి, ఫ్రిజ్ వెనక వేడిగాలి వచ్చే వైపుకి దూరంగా ఉండాలి. అనుమానంగా ఉంటే గరిష్ఠం, కనిష్ఠం చూపే థర్మామీటరు ఒకటి ఆ చోట వారం పెట్టండి. ఏప్రిల్‌లో కూడా 30 దాటకపోతే ఆ చోటు మంచిది.

కట్టే పద్ధతి ఇది. షీటు కన్నా అంగుళం పెద్ద ప్లైవుడ్ ముక్కలు రెండు తీసుకోండి. కింద ఒకటి, దాని మీద షీటు, బటర్ పేపరు, షీటు, బటర్ పేపరు, ఇలా పేర్చాలి. ఒక దొంతరకు 15 చాలు, మీ ముప్పైని రెండు దొంతరలు చేయండి. న్యూస్ పేపరు వద్దు, సిరా వాసన మైనానికి పడుతుంది, వేడికి అక్షరాలు కూడా అచ్చు దిగుతాయి. పైన రెండో ప్లైవుడ్ ముక్క ఊరికే ఆనించండి, ఇటుకలూ పుస్తకాలూ పెట్టొద్దు. దొంతరనంతా మందపాటి పాలిథిన్ కవరులో పెట్టి, గాలి నొక్కేసి, మూతి టేపుతో మూసేయండి. ఆ కవరు ఒక అట్టపెట్టెలోకి. వెలుతురు పడితే రంగు వెలిసి, వాసన పోతుంది, అట్టపెట్టె అందుకే. పడుకోబెట్టే ఉంచాలి, పుస్తకాల్లా నిలబెట్టకూడదు. పొట్లం మీద కొన్న నెల, షీట్ల లెక్క, సైజు రాయండి.

ఒక జాగ్రత్త: పాత పట్లు ఉన్న ఫ్రేములు ఆ గదిలోనే పెట్టొద్దు. షీటును తినకపోయినా, ఎదిగిన పురుగు గూడు కట్టుకోడానికి చోటు వెతుక్కుంటూ పక్కకి పాకుతుంది. అట్టపెట్టె, చెక్క, కాగితం, మైనం ఏదడ్డొచ్చినా తొలిచేస్తుంది. షీట్లలో కనిపించే కన్నాలు ఎక్కువగా అలా వచ్చినవే.

తెల్ల పిండి బూజు కాదనే నా అంచనా. మైనంలో తక్కువ వేడికి కరిగే భాగం చల్లటి రోజుల్లో పైకి తేలి అలా పొడిగా కనిపిస్తుంది. డిసెంబరు, జనవరిలో ఇక్కడి తెల్లవారుజాము చలికి మామూలే. బొటనవేలితో అర నిమిషం రుద్దండి, లేదా హెయిర్ డ్రయ్యరు ఒక అడుగు దూరం నుంచి ఆడించండి. 39-40 డిగ్రీలకు మాయమై షీటు మళ్ళీ పసుపుగా మెరుస్తుంది. దానివల్ల నష్టమేమీ లేదు. బూజైతే మచ్చలు మచ్చలుగా, బూడిద లేదా పచ్చ రంగులో, ముక్కిన వాసనతో ఉంటుంది, వేడికి పోదు. అది పట్టేది మైనాన్ని కాదు, దాని మీది తేనె జిగురునీ దుమ్మునీ.

గోడౌన్_మూల:

అంత హంగామా ఎందుకు అన్నా. బీరువాలో పెట్టి నాలుగు కలరా ఉండలు వేస్తే సరి. పట్లకు మందు బిళ్ళలు వేసి ఎంతోమంది దాస్తారు కదా.

కానుగపూత:

వద్దు. పట్లకు వేసే బిళ్ళలు పారాడైక్లోరోబెంజీన్. కలరా ఉండలు నాఫ్తలీన్. రెండూ ఒకేలా తెల్లగా ఉంటాయి, కొన్ని అంగళ్ళలో రెంటినీ ఒకే పేరుతో అమ్ముతారు, గందరగోళం అక్కడే మొదలవుతుంది. నాఫ్తలీన్ తేనె పెట్టెల దగ్గరికే రాకూడదు. పారాడైక్లోరోబెంజీన్‌ను పాత పట్లకు వాడినవాళ్ళు కూడా మళ్ళీ పెట్టెలో పెట్టేముందు రోజుల తరబడి గాలికి ఆరబెట్టాల్సిందే, అయినా కొంత మైనంలో మిగులుతుంది, అక్కణ్ణించి తేనెలోకి దిగుతుంది.

కారణం మైనం గుణమే. నూనెలో కరిగేవన్నీ మైనంలోనూ కరుగుతాయి. పీల్చుకున్నది అంత తేలిగ్గా వదలదు. పల్చటి షీటుకు బరువు తక్కువ, గాలి తగిలే ఉపరితలం ఎక్కువ, కాబట్టి దిమ్మ కన్నా తొందరగా పీల్చుకుంటుంది. బీరువా మాట ఎత్తితేనే భయం అందుకు. పట్టుచీరల మధ్య పదేళ్ళుగా ఉండలు వేసిన బీరువాలో కొత్తగా ఏమీ వేయకపోయినా రేకుకే ఆ వాసన పట్టి ఉంటుంది.

ఉండల కన్నా జనం పట్టించుకోనిది దోమల మందు. కాయిల్, గోడకు గుచ్చే లిక్విడ్, చీమల సుద్దముక్క, బొద్దింకల స్ప్రే, వీటిలో ఎక్కువగా ఉండేది పైరెత్రాయిడ్ జాతి పురుగుమందులే. ఈగకు అవి నేరుగా విషం, మైనంలో చక్కగా ఇంకుతాయి. పడకగదిలో మంచం కింద పెట్టమన్నాను కదా, అక్కడ రాత్రంతా లిక్విడ్ వెలుగుతుంటే ఆ గది వద్దు. అగరబత్తులు, ఫినాయిలు, పెయింటు డబ్బాలు, థిన్నరు ఉన్న గదీ అంతే. పాలిథిన్ కవరు వాసనను కొంత ఆపుతుంది, పూర్తిగా ఆపదు.

గోడౌన్_మూల:

సరే, బీరువా మాట వెనక్కి తీసుకుంటున్నా. సుద్దముక్క సంగతి నాకు తట్టలేదు. మరి చీమలకేం చేయాలి?

కానుగపూత:

షీటుకు చీమ రాదు, తేనె మరక ఉంటేనే వస్తుంది. మరకలున్నవి తడిగుడ్డతో తుడిచి, నీడలో ఆరాక పొట్లం కట్టండి. అప్పటికీ నమ్మకం లేకపోతే అట్టపెట్టెను చిన్న స్టూలు మీద పెట్టి, స్టూలు కాళ్ళు నీళ్ళ గిన్నెల్లో ఉంచండి. పెట్టెల స్టాండుకు చేసేదే.

అంబత్తూరు_తేనె:

చెన్నై నుంచి రాస్తున్నాను. మా దగ్గర మే నెలలో 40 దాటడం మామూలు, సముద్రపు తేమ ఏడాదంతా ఉంటుంది. ఇక్కడ నాలుగైదు నెలల మాటైతే దాచకపోవడమే మేలు. ముద్దమైనం ఇస్తే షీట్లుగా మార్చి ఇచ్చేవాళ్ళున్నచోట మైనాన్ని ముద్దగానే ఉంచండి. కిలో ముద్దకు అతుక్కోవడం, ఒంగడం, ముద్ర చెరగడం అనే బాధలేవీ లేవు. అక్టోబరుకు రెండు వారాల ముందు షీట్లుగా మార్చుకుంటే సరిపోతుంది.

కొని తెచ్చేటప్పుడూ చూసుకోండి. షీట్లు కారు డిక్కీలో పెట్టి, ఎండలో ఆపి, భోజనానికి వెళ్ళొస్తే మిగతా కబుర్లన్నీ వృథా. ఎండలో మూసిన కారు 60 డిగ్రీలు దాటగలదు.

మైనం_మడక:

ఫ్రిజ్ సంగతి ఎవరూ చెప్పలేదు. రోజువారీ దాచడానికి ఫ్రిజ్ వద్దు. అవసరం లేదు, పైగా ఇబ్బంది. చల్లబడిన మైనం అప్పడంలా పెళుసవుతుంది. 15-18 డిగ్రీల కన్నా దిగితే వంచగానే పుటుక్కున విరుగుతుంది. తలుపు తీసిన ప్రతిసారీ తేమ పట్టి కాగితాలు తడుస్తాయి. సాంబారు, వెల్లుల్లి వాసనలు వేరే.

డీప్ ఫ్రీజర్‌కు మాత్రం ఒక్కసారి పని ఉంది. షీట్లు పురుగు పట్టిన ఫ్రేముల పక్కన ఉండి, గుడ్లు అంటుకున్నాయేమోనని అనుమానముంటే వాడండి. మైనం లోపలి దాకా చల్లబడ్డాక మైనస్ 7 దగ్గర నాలుగున్నర గంటలు, మైనస్ 12 దగ్గర 3 గంటలు, మైనస్ 15 దగ్గర 2 గంటలు చాలు, గుడ్డు నుంచి రెక్కల పురుగు దాకా అన్ని దశలూ చస్తాయి. ఇంటి ఫ్రీజరు మైనస్ 18 చూపించినా, 15 షీట్ల దొంతర నడిమిదాకా ఆ చలి చేరడానికి చాలాసేపు పడుతుంది. అందుకని లెక్కలు చూసుకోకుండా 48 గంటలు ఉంచేయండి.

తీసేటప్పుడు రెండు తప్పులు జరుగుతాయి. ఒకటి, బయటికి తీయగానే పట్టుకుని చూడటం, పది షీట్లలో నాలుగు చేతిలోనే ముక్కలవుతాయి. రెండు, వెంటనే కవరు విప్పడం, గాలిలో తేమ షీట్ల మీదే నీళ్ళుగా దిగుతుంది. మూసిన కవరు మూసినట్టే బల్ల మీద రాత్రంతా వదిలేయండి. చెమట కవరు బయటే పడుతుంది. తెల్లారి కవరు తుడిచి, విప్పకుండానే అట్టపెట్టెలో పెట్టేయండి. విప్పితే మళ్ళీ గుడ్లు పెట్టడానికి దారి ఇచ్చినట్టే.

యలహంక_మేడ:

అందరికీ ధన్యవాదాలండి. హెయిర్ డ్రయ్యరుతో పిండి పోయింది. పొట్లం విప్పి చూస్తే ఆరు షీట్లు ఒంగాయి, మూడు ఒకదానికొకటి అతుక్కున్నాయి. ఇవి పారేయాల్సిందేనా? ఇంకో మాట. ఇప్పుడే ఫ్రేములకు బిగించేసి దాచుకుంటే అక్టోబరులో పని తేలికవుతుందా?

మైనం_మడక:

ఒంగినవి బాగవుతాయి. వెడల్పాటి పళ్ళెంలో 38-40 డిగ్రీల నీళ్ళు పోయండి, మోచేయి ముంచితే గోరువెచ్చగా ఉండాలి, అంతే. షీటు ఒక నిమిషం ముంచి, మెత్తబడగానే రెండు చేతులతో అడుగు నుంచి ఎత్తి అద్దం పలక మీద లేదా నున్నటి గ్రానైటు మీద పరవండి. చేత్తో నొక్కొద్దు, ముద్ర పోతుంది, దాని బరువుకే చదునవుతుంది. చల్లారాక ఆరబెట్టి దొంతరలోకి వేయండి. నీళ్ళు 45 దాటితే అంచులు సాగి షీటు ఫ్రేముకు పట్టదు.

అతుక్కున్నవాటిని ఫ్రిజ్ కింది అరలో, ఫ్రీజరులో కాదు, 20 నిమిషాలు పెట్టండి. చల్లబడ్డాక జిగురు తగ్గుతుంది. ఒక మూల మొద్దు చాకు దూర్చి మెల్లగా తెరవండి. విడిస్తే గదుల ముద్ర చూడండి. మూడొంతులు స్పష్టంగా ఉంటే వాడొచ్చు. విరిగినవాటిని రెండు సెంటీమీటర్ల పట్టీలుగా కోసి తేనె గది (ఈగలు తేనె దాచే పై గది) ఫ్రేముల పైకమ్మీకి అంటించండి, కిందికి ఈగలే కట్టుకుంటాయి.

దేనికీ పనికిరానివి కరిగించండి. స్టీలు గిన్నెలో మైనం, ఆ గిన్నె మరో నీళ్ళ గిన్నెలో. నేరుగా మంట మీద పెడితే అంటుకునే ప్రమాదముంది, 85 దాటితే రంగూ నల్లబడుతుంది. ఇనుము, రాగి పాత్రలు కూడా రంగు మారుస్తాయి.

వైరు_పెట్టె:

బిగించి దాచడం గురించి నేను చెప్తాను. షీటును పట్టి ఉంచే వైరు ఫ్రేములకు ఇప్పుడే లాగి పెట్టుకోండి, మేకులు బిగించుకోండి, అక్కడ ఆగండి. షీటు మాత్రం పెట్టెలో పెట్టేముందు రోజు అతికించాలి. ముందే అతికిస్తే వేడికి మైనం వ్యాకోచిస్తుంది, వైరు దగ్గర కదల్లేదు, మధ్యలో అలలా ఉబ్బుతుంది. చలికి మళ్ళీ ముడుచుకున్నప్పుడు వైరు వెంట చీలిక వస్తుంది. అలల షీటు మీద కట్టిన పట్టు ఒకవైపు లావు, ఒకవైపు పలచన, పక్క ఫ్రేముకు అతుక్కుపోతుంది.

అతికించే రోజు షీటు 25-30 డిగ్రీల్లో ఉండాలి. చక్రం ఎంబెడరైతే (వైరును మైనంలోకి నొక్కే పనిముట్టు) వేడినీళ్ళలో ముంచి తుడిచి వైరు మీద ఒక్కసారి దొర్లించండి. 12 వోల్టుల బ్యాటరీతో వైరుకు కరెంటు పెట్టి వేడి చేసేట్టయితే మూడు నుంచి ఐదు సెకన్లు, వైరు మైనంలోకి దిగడం కనిపించగానే తీసేయాలి, ఇంకో రెండు సెకన్లు ఆగితే షీటు రెండు ముక్కలు. పక్కల 2-3 మిల్లీమీటర్లు, అడుగున 5 మిల్లీమీటర్ల ఖాళీ వదలండి. పెట్టెలో వేడికి షీటు సాగుతుంది, ఖాళీ లేకపోతే వంగుతుంది.

దాచిన షీటుకు పైన వాసన తగ్గి, పొర గట్టిపడి ఉంటుంది, ఈగలు ముందు ముఖం తిప్పుకుంటాయి. అదే హెయిర్ డ్రయ్యరు రెండు వైపులా తలో అర నిమిషం. తరవాత సగం చక్కెర, సగం నీళ్ళ పాకం తుంపరగా చల్లండి. పిల్లల పట్టు పక్కన ఒకటే పెట్టండి, మధ్యలో దూర్చొద్దు. అన్నిటికన్నా కాలం ముఖ్యం. మైనం కార్చేవి 12-18 రోజుల వయసు కూలి ఈగలు, అవి కడుపునిండా తింటేనే కారుస్తాయి. జూన్ నుంచి ఆగస్టు దాకా పూల కరువులో షీటు పెడితే కట్టకపోగా అంచులు కొరికి, ఆ మైనాన్ని వేరేచోట వాడుకుంటాయి. షీటు పాతదైపోయిందని నింద మాత్రం మిగులుతుంది.

ఇంకొకటి, వేడికి తొందరగా ఒంగాయంటున్నారు, అందులో పారఫిన్ (కొవ్వొత్తుల మైనం) కలిసిందేమో చూడండి. గాజు గ్లాసులో నీళ్ళు పోసి, మీరు స్వయంగా తీసిన అసలు మైనం బఠాణీగింజంత వేయండి, తేలుతుంది. సర్జికల్ స్పిరిట్ కొద్దికొద్దిగా పోస్తూ కలపండి. అసలు మైనం మునిగేదాకా పోసి ఆపండి. ఇప్పుడు షీటు ముక్క వేయండి. గాలిబుడగలు అంటకుండా ముందు వేళ్ళతో ఉండ చేయాలి. అది మునిగితే పారఫిన్ బెడద లేదు. తేలుతూనే ఉంటే కలిపారు. పారఫిన్ మైనం కన్నా తేలిక కాబట్టి తేలుతుంది. స్టియరిక్ ఆమ్లం కలిపితే ఈ పరీక్షకు సరిగ్గా దొరకదు, దాని సాంద్రత మైనానికి దగ్గరగా ఉంటుంది. అలాంటి షీట్లలో పిల్లలు చస్తాయి.

యలహంక_మేడ:

స్పిరిట్ పరీక్ష చేశాను. మునిగింది, నిమ్మళం. కానీ దొంతర పేరుస్తుంటే తొమ్మిది షీట్ల గదులు మిగతావాటికన్నా పెద్దగా కనిపిస్తున్నాయి. నా కళ్ళ భ్రమా?

వైరు_పెట్టె:

స్కేలు పెట్టి ఒక వరుసలో పది గదులు కొలవండి, ఎదురెదురు గోడల మధ్య. పుట్ట తేనెటీగ షీటైతే 43 నుంచి 49 మిల్లీమీటర్ల లోపు రావాలి. ఐరోపా ఈగ షీటైతే 54 దగ్గర వస్తుంది.

యలహంక_మేడ:

ఇరవై ఒకటింటికి 45. ఆ తొమ్మిదింటికి 54.

వైరు_పెట్టె:

ఐరోపా ఈగ షీటును న్యూటన్ ఫ్రేముకు కోసి మీ కట్టలో కలిపేశారు. అంత గదిలో పుట్ట తేనెటీగ రాణి పోతుటీగల గుడ్లే ఎక్కువ పెడుతుంది. పిల్లల గదిలో ఇప్పటికే అలాంటివి పెట్టి ఉంటే పట్టు మీద ఉబ్బు మూతలు ఎక్కువగా ఉన్నాయేమో చూసుకోండి. మిగిలిన తొమ్మిదీ దాచొద్దు. ఐరోపా ఈగలు పెంచేవాళ్ళకు అవి ముక్కలుగానే పనికొస్తాయి, ఇచ్చేసి మార్చుకోండి. అది కుదరకపోతే పట్టీలుగా కోసి తేనె గదికి వాడండి, కింద క్వీన్ ఎక్స్‌క్లూడర్ (రాణి పైకి రాకుండా ఆపే) జాలి ఉంటేనే.